గ్రహణం, ఆచారం, పరిశీలన

ప్రశ్న: గ్రహణమంటే మా అత్తగారు పదార్థాలపై దర్భలు వేసి, విడుపు స్నానం అయ్యేవరకు మంచినీళ్లైనా ముట్టరు. భౌతికశాస్త్రం చదువుతున్న మా అబ్బాయి అది మూఢనమ్మకమని వాదిస్తాడు. భక్తి, విజ్ఞానం ఒకే ఇంట్లో ఇమడవా?
— ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: ఇముడుతాయి. స్నానం, జపం ఆవిడ ఆచరించే నియమాలు. వాటికి ప్రయోగశాల అనుమతి అక్కరలేదు. గ్రహణ కిరణాలు అన్నాన్ని విషం చేస్తాయన్నప్పుడు మాత్రం అది ప్రకృతిని గురించిన మాట కనుక, సాక్ష్యం అడిగే హక్కు మీ అబ్బాయికి ఉంది; అటువంటి సాక్ష్యమూ లేదు. (సూర్యగ్రహణాన్ని వట్టి కళ్లతో చూడరాదన్నది మాత్రం నిజమైన జాగ్రత్తే.) మీ ఊళ్లోనే గోడె వెంకట జగ్గారావు గారు 1840లో వేధశాల (గ్రహనక్షత్రాలను పరిశీలించే కేంద్రం) నెలకొల్పగా, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిపోవడాన్ని పరిశీలించారు. విశ్వం విస్తరిస్తున్నదని 1927లో ప్రతిపాదించిన జార్జ్ లెమైత్ర్ కాథలిక్ మతగురువే అయినా, తన సిద్ధాంతాన్ని దైవసృష్టికి రుజువుగా చూపడం ఆయనకు నచ్చలేదు. ఆ నిగ్రహం నాకు ఎంతో గౌరవనీయంగా తోస్తుంది. పంచాంగంలోని పట్టు, విడుపు వేళలు గణితం చేసి చెప్పినవే కాబట్టి, వచ్చే గ్రహణానికి వాటిని సరిచూసే పని అబ్బాయికి అప్పగించండి. మధుమేహం వంటిదేమీ లేకపోతే, అత్తగారి ఉపవాసం జోలికి వెళ్లనవసరం లేదు.