ఇరవైతో పోయేదాన్ని ఎనభై దాకా లాగాను

ఫ్రెండ్స్‌తోనే కదా అని శనివారాలు డబ్బులు పెట్టి పదమూడు ముక్కలాట (రమ్మీ) ఆడుతున్నానని, నెలకు అయిదారు వేలు పోతున్నాయని, తప్పు నాదా, ముక్కలదా అని ఒకరు అడిగారు. నేను మూడేళ్ల పాటు ముక్కలదే అనుకున్నాను.

మాది ఆరుగురి బ్యాచ్. పాయింటు రెండు రూపాయలతో మొదలుపెట్టి అయిదుకు వచ్చాం. ముక్క తీయకముందే డ్రాప్ చెబితే, అంటే ఆ ఆట వదిలేస్తే, పోయేది 20 పాయింట్లు, తీశాక వదిలేస్తే మిడిల్ డ్రాప్ 40, చివరిదాకా కూర్చుని ఓడితే ఎక్కువలో ఎక్కువ ఫుల్ కౌంట్ 80. అంటే అయిదు రూపాయల ఆటలో వంద, రెండు వందలు, నాలుగు వందలు. ఈ లెక్క అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా డ్రాప్ చెప్పాలంటే మనసొప్పేది కాదు. ముక్కలు కింద పెట్టేసి మిగతావాళ్లు ఆడుతుంటే పకోడీలు తింటూ కూర్చోవడం నామోషీగా ఉండేది.

ఒక సంక్రాంతి రాత్రి నాకు రెండు జోకర్లు పడ్డాయి. వాటితో పాటు మూడు రాజులు, రెండు రాణులు, రెండు ఆసులు, ఒక జాకీ, ఒక ఎనిమిది. లైఫ్ (జోకరు లేకుండా ఒకే గుర్తులో వరసగా మూడు ముక్కలు) మాత్రం లేదు. దానికి దగ్గరగా ఉన్నవి ఆఠీను నాలుగు, ఆరు. మధ్యలో అయిదు పడితే చాలు. జోకర్లున్న చేతిని ఎవరు దించుతారు చెప్పండి! రెండు పేకలాట కాబట్టి ఆఠీను అయిదులు రెండే. ఒకటి నా ఎదురుగా ఉన్నవాడు రెండో చుట్టులోనే పారేశాడు. నేను చూశాను కూడా. అప్పుడైనా మిడిల్ డ్రాప్ చెబితే 40తో బయటపడేవాణ్ని. రెండోది ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తూ కూర్చున్నాను. మా బావమరిది షో కొట్టి (తన ఆట అయిపోయిందని చెప్పి) ముక్కలు పరిస్తే, నా అయిదు వాడి ట్రిప్లెట్‌లో (ఒకే అంకె ముక్కలు మూడు) హాయిగా కూర్చుని ఉంది. లైఫ్ లేదు కనక నా మూడు రాజులు కూడా లెక్కలోకి వచ్చాయి. ఫుల్ కౌంట్.

మర్నాడు ఆ రాత్రి పాయింట్లు రాసిన నోట్‌బుక్ తిరగేశాను. ఒంటిగంట దాకా 28 ఆటలు. నా పేరు కింద 80 అన్న అంకె పదకొండు సార్లు ఉంది. 20 ఒక్కసారి. ఆ పదకొండులో కనీసం ఆరు, ముక్కలు చూడగానే వదిలేయాల్సినవని నాకే గుర్తుంది. ఆటకు 60 చొప్పున 360 పాయింట్లు, అంటే 1,800 రూపాయలు ఊరికే పోశాను.

ఒంటిగంట తర్వాత జరిగింది ఇంకా ఘోరం. ‘పాయింటు పది చేద్దాం’ అన్నది నేనే. గమనించండి, రేటు పెంచుదామనేది ఎప్పుడూ పోగొట్టుకున్నవాడే. గంటలో ఇంకో మూడు వేలు పోయాయి. డబ్బులు చేతిలోంచి పోవట్లేదు, అన్నీ పుస్తకంలో ఖాతానే, పొద్దున ఫోన్లో కొట్టేయడమే. అందుకే నొప్పి తెలియలేదు. ఇప్పుడు మొత్తం వెయ్యి రూపాయలు నోట్లుగా జేబులో పెట్టుకుని వెళ్తాను. అవి అయిపోతే లేచి వచ్చేస్తాను, ఖాతా రాయించను.

మా బావమరిది ఓ మాట అంటుంటాడు: ‘రమ్మీ స్కిల్ గేమ్ రా, సుప్రీంకోర్టే చెప్పింది’ అని. నిజమే. 1967లో సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో కోర్టు ఆ మాట అంది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, అందుకని. ఆ లెక్కన కళ్ల ముందు పడిన అయిదును చూసి కూడా కూర్చున్న నాకు ఆ స్కిల్ లేనట్టే! (ఆ తీర్పు చూసుకుని యాప్‌ల వైపు మాత్రం వెళ్లకండి. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో నిషేధించారు.)

ఇప్పుడు ముక్కలు ఎత్తగానే లైఫ్ ఉందా అని చూస్తాను. లేకపోతే ఏడు-ఎనిమిది లాంటి రెండు వైపులా తెరుచుకున్న జత ఉందా అని చూస్తాను. అలాంటి జతకు పనికొచ్చే ముక్కలు నాలుగుంటాయి, మధ్య ముక్కకైతే రెండే. ఇవేవీ లేకపోతే జోకరున్నా డ్రాప్. షో చెప్పేముందు లైఫ్ ఇంకోసారి సరిచూసుకుంటాను, రాంగ్ షోతో 80 కట్టిన అనుభవం కూడా ఉంది మరి.

పోయిన శనివారం ఏడుసార్లు డ్రాప్ చెప్పాను. బ్యాచ్‌లో నాకు ‘డ్రాప్ బాబాయ్’ అని పేరు పెట్టారు. 260 రూపాయలు పోయాయి, పకోడీలు మాత్రం ఎక్కువ తిన్నాను.