తేదీలు ఎందుకు కొట్టేశావు?

అమ్మాయీ,

నీ జూన్ నెల రాతప్రతి రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది కోపంతో. వార్తలు ఒక కట్ట, క్రికెట్ ఒక కట్ట, చారిత్రక యాత్రలు ఇంకో కట్ట. పచారీ కొట్టువాడు పప్పులు పోసుకున్నట్టు 2024 జూన్‌ను మూడు డబ్బాల్లో పోశావు. పైగా తేదీలన్నీ ఎర్ర సిరాతో కొట్టేశావు. తేదీ ఉంటే రచన త్వరగా పాతబడుతుందని ఎవరో చెప్పారట!

ఆ మాట నాకు కొత్త కాదు. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన నాటికి నేను కుర్ర విలేకరిని. బస్సులో వార్తల కవరు పంపి, డ్రైవరు దాన్ని మరిచిపోకుండా అతనికి టీ ఇప్పించే ఉద్యోగం. ఉప్పెన ఊళ్లలో రోజూ నోటుపుస్తకంలో రాసుకున్నాను. మూడో రోజు మనుషులు తమవాళ్లను పేర్లు పెట్టి పిలుస్తూ వెతుకుతున్నారు. పన్నెండో రోజుకు వెతుకుతూనే ఉన్నారు గానీ, పిలవడం మానేశారు. తర్వాత ఒక పత్రికకు ఇస్తే సంపాదకుడుగారు తేదీలు తీసేసి, ‘ప్రవాహం బాగుంది’ అన్నారు. ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన పడ్డాయి. మధ్యలోని తొమ్మిది రోజులు ఎటు పోయాయో ఏ పాఠకుడూ అడగలేదు. ఆయన ఇప్పుడు లేరు, నా కోపం మాత్రం ఉంది.

ఇక పాత ఓడరేవు మోటుపల్లి. వీరభద్రాలయం దగ్గర, ఓడ వర్తకులకు కాకతీయ రాజు గణపతిదేవుడిచ్చిన అభయ శాసనం ముందు నిలబడి ‘ఎప్పటిదో పాత రాయి’ అని రాశావే, చెయ్యెలా వచ్చింది? ఆ రాయి తన తేదీ తనే చెబుతోంది: శకం 1166, క్రోధి సంవత్సరం. అంటే 1244. నువ్వు వెళ్లిన జూన్ కూడా క్రోధిలోనిదే. అరవై ఏళ్ల చక్రం సరిగ్గా పదమూడుసార్లు తిరిగి మళ్లీ ఆ పేరు దగ్గరికే వచ్చిన ఏడాదిలో నువ్వు అక్కడున్నావు. ఇంతకన్నా పెద్ద కానుక యాత్రికుడికి ఏం దొరుకుతుంది? చూడకుండా వచ్చేశావు.

ఆ రాయి మీద ఏముందో తెలుసా? పూర్వపు రాజులు గాలివానకు ఒడ్డెక్కిన ఓడల సరుకంతా బలవంతంగా లాక్కునేవారట. తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ ముట్టనని గణపతిదేవుడు మాటిచ్చాడు. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రం మీదికి వచ్చేవాళ్ల మీద దయతో అట. ఆ ‘ప్రాణం కన్నా ధనం’ అన్న ముక్కలో చిన్న వెక్కిరింపు ఉందని నాకెప్పుడూ అనుమానం. ఉప్పెన చూసినవాణ్ని కదా, గాలివాన, ఒడ్డు అనే మాటలు రాతి మీదున్నా నాకు తడిగానే తగులుతాయి.

వార్తల కట్ట గురించి ఎక్కువ రాయను. హైదరాబాద్ ఉమ్మడి రాజధాని గడువు జూన్ 2న ముగిసింది. 4న ఓట్ల లెక్కింపు. వాటి మీద నువ్వు రాసిన ఆరు పేజీల అభిప్రాయాలు ఆ వారం టీవీలో అందరూ అన్నవే. మధ్యలో 3వ తేదీ సోమవారం వచ్చింది. ఏదీ తేలని ఆ రోజు మీ వీధి ఎలా ఉందో రాసి ఉంటే కళ్లకద్దుకుని చదివేవాణ్ని.

క్రికెట్ పేజీ బాగుంది. టీ20 ప్రపంచకప్ ఫైనల్, ఆఖరి ఓవర్లో మన మీద దక్షిణాఫ్రికాకు 16 పరుగులు కావాలి, మొదటి బంతినే మిల్లర్ లేపాడు. సూర్యకుమార్ పట్టి, గీత దాటబోతూ బంతి పైకి విసిరి, లోపలికి వచ్చి మళ్లీ పట్టాడు. ఇది లోకమంతా చూసింది. కానీ రీప్లే వేసిన ప్రతిసారీ మీ నాన్నగారు కుర్చీలోంచి సగం లేచి, ఈసారి జారిపోతుందేమో అన్నట్టు నిలబడ్డారే, అది నువ్వొక్కదానివే చూశావు. ఆ వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

అది 29వ తేదీ రాత్రి అని నేను చెప్పగలను. మోటుపల్లి పేజీ మీద మాత్రం అంకె కనబడకుండా దిద్దేశావు, వెలుతురుకు పెట్టి చూసినా తెలియలేదు. ఆటకు ముందు వెళ్లావా, తర్వాతా? నాన్నగారు కూడా వచ్చారా? ఒక కార్డు ముక్క రాయి.

ఆశీస్సులతో,
మాస్టారు