స్టాంపు పేపరు విడాకులు కాదు చిన్నీ

చిన్నీ,

మొన్న రాత్రి పదిన్నరకి మీ అమ్మ ఫోన్ చేసింది. హలో అనకుండానే ఏడుపు. ఎవరికి ఏమైందోనని లేచి కూర్చున్నాను. అయిదు నిమిషాలు పోతే గానీ సంగతి బయటికి రాలేదు. నువ్వూ అతనూ ఇద్దరూ ఒప్పుకుని విడాకులకు వేస్తున్నారని, రోజూ ఆఫీసు నుంచి వచ్చి కాగితాలు ముందేసుకుని కూర్చుంటున్నావని చెప్పింది. "ఎందుకే ఏడుస్తావు, పిల్ల పద్ధతిగా చేసుకుంటోంది కదా" అన్నాను. ఫోన్ పెట్టేసింది. అక్క సంగతి నీకు తెలుసుగా, రెండు రోజులాగి తనే చేస్తుంది.

అరుచుకోకుండా, ఒకరి మీద ఒకరు కేసులు పెట్టుకోకుండా మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారంటే నాకు గర్వంగానే ఉంది. మా రోజుల్లో అది మాకు చేతకాలేదు. కానీ ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఇంకో మాట అంది. "కోర్టు దాకా ఎందుకు, నోటరీ దగ్గర రాసేసుకుంటే సరిపోతుందని మా బావగారు అంటున్నారు" అని. ఆ మాటకి నాకు తెల్లవారేదాకా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్తే సగం విని "సరే పిన్నీ, సరే పిన్నీ" అంటావు.

ముందు మామూలు సంగతులు చెప్పేస్తాను. లాయరు చెప్పే ఉంటారు. ఇద్దరి ఆధార్ కార్డులు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు, శుభలేఖ, పీటల మీద మీ ఇద్దరి ముఖాలూ స్పష్టంగా కనిపించే పెళ్లి ఫోటోలు, మ్యారేజ్ సర్టిఫికెట్. సర్టిఫికెట్ లేకపోతే కంగారుపడకు. రిజిస్టర్ చేయించనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదు. కాకపోతే పెళ్లి జరిగిందని ఫోటోలతో, శుభలేఖతో, సాక్షులతో చూపించుకోవాలి. తర్వాత, మీరు చివరిగా కలిసి ఉన్న ఇంటి అద్దె అగ్రిమెంటు. ఏ ఊరి కోర్టులో వేయాలో తేలడానికి ఇలాంటివి కావాలి. పెళ్లి జరిగిన చోట వేయొచ్చు, ఆఖరున కాపురం ఉన్న చోట వేయొచ్చు. 2003లో చట్టం మార్చాక భార్య తను ఉంటున్న ఊళ్లోనే వేసుకునే వీలు కూడా వచ్చింది. నువ్వు సెలవులు పెట్టుకుని తిరగక్కర్లేని కోర్టు ఏదో లాయర్ని అడిగి అదే ఎంచుకో.

పేర్లు మాత్రం ఒకటికి రెండుసార్లు చూడు. పదో తరగతి మెమోలో నీ ఇంటిపేరు పొట్టి అక్షరం, ఆధార్లో అత్తవారి ఇంటిపేరు, పాన్ కార్డులో మళ్లీ పుట్టింటి పేరు. నాకు తెలుసు, ఆ పాన్ ఫారం నింపింది నేనే. ఈ పేర్లన్నీ నువ్వేనని పిటిషన్‌లోనే రాయించు. తర్వాత డిక్రీ, అదే కోర్టు ఇచ్చే విడాకుల తీర్పు కాగితం, పట్టుకుని బ్యాంకుకు వెళ్లినప్పుడు "ఈవిడా మీరూ ఒకరేనా?" అని అడుగుతారు.

ఇంకో తేదీ ఉంది, మీరు విడిగా ఉండటం మొదలుపెట్టిన రోజు. పిటిషన్ వేసేనాటికి కనీసం ఏడాది కావాలి. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా ఉండకపోతే అది విడిగా ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఇద్దరూ కూర్చుని ఒకటే తేదీ అనుకోండి. జడ్జిగారి ముందు ఒకరు ఉగాది అని, ఒకరు దసరా అని అంటే బాగుండదు.

ఇక నా కథ. సగం నీకు తెలుసు. మిగతా సగం మీ అమ్మకు కూడా తెలియదు.

అదే 1991లో నాకు విడాకులయ్యాయి. అయ్యాయని నేను అనుకున్నాను. ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే దారి చట్టంలోకి వచ్చి అప్పటికి పదిహేనేళ్లు. 1976లో హిందూ వివాహ చట్టంలో 13-బి అనే సెక్షన్ చేర్చారు. కానీ మా ఇంట్లో ఆ ముక్క ఎవరికి తెలుసు? తెలిసినా మీ తాతయ్య కోర్టు మెట్లు ఎక్కేవారు కాదు. "ఆడపిల్లని బోనులో నిలబెడతామా?" అన్నారు. అందుకని పెద్దమనుషుల్ని పిలిచారు. మధ్యాహ్నం మూడింటికి మన వసారాలో అటు నలుగురు, ఇటు నలుగురు. ఒకాయన సంచిలోంచి స్టాంపు పేపరు తీశాడు. ముందే టైపు చేయించుకొచ్చాడు. చదివి వినిపించాడు కూడా, కానీ పురోహితుడు సంకల్పం చెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చదివాడు. ఉభయులూ ఇష్టపూర్వకంగా వేరుపడ్డారని, ఇకమీదట ఒకరిపై ఒకరికి ఏ హక్కూ లేదని, అమ్మాయి తాలూకు వస్తువులన్నీ ముట్టినవని.

అన్నీ ముట్టలేదు చిన్నీ. మా అమ్మ తన మెళ్లోంచి తీసి నాకు వేసిన కాసుల పేరు ఇంకా వాళ్ల బీరువాలోనే ఉంది. "అది రాలేదు కదా నాన్నా" అన్నాను, గొంతు పెగుల్చుకుని. "వచ్చేవారం పంపిస్తారులే అమ్మా, అంతమందిలో మాటిచ్చారు" అన్నారు. పెన్ను మూత తీసి నా చేతికిచ్చారు. ఇస్తుంటే ఆయన వేళ్లు వణికాయి. ఆ వేళ్లు చూసి సంతకం పెట్టేశాను. కాగితం నేను చూడనే లేదు.

దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో చీరల కింద దాచుకున్నాను. ఏడేళ్లు. అప్పుడప్పుడు తీసి చూసుకునేదాన్ని, అదేదో నాకు కాపలా కాస్తున్నట్టు. 1998లో నా సర్వీసు కాగితాల్లో నామినీగా ఇంకా ఆయన పేరే ఉందని తెలిసింది. మార్పించుకుందామని ఆఫీసుకు వెళ్లి, మడత విప్పి గుమాస్తా ముందు పెట్టాను. అతను ముందు చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. "కోర్టు డిక్రీ ఏదండీ టీచరుగారూ?" అన్నాడు. "ఇదేనండీ" అన్నాను. మంచివాడు, నవ్వలేదు. "ఇది మీరు మీరు రాసుకున్న ఒప్పందమండీ. లెక్క ప్రకారం మీరింకా ఆయన భార్యే" అన్నాడు. చుట్టూ నలుగురు ఉన్నారు. ఆ కాగితం మళ్లీ మడత పెట్టడానికి నాకు ఎంతసేపు పట్టిందో.

అప్పటికి ఆయనకు ఇంకో పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. మొదటి పెళ్లి రద్దు కాకుండా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. చట్టం పిల్లలకు అన్యాయం చేయదు గానీ, ఆ అమ్మాయి పరిస్థితి ఏమిటి? ఆమే నా దగ్గరికి వచ్చింది, చంకలో చిన్నవాణ్ని ఎత్తుకుని. "అక్కా, మమ్మల్ని కోర్టుకీడ్చకండి" అని. కోర్టుకు వెళ్తే గానీ తనకూ దారి లేదని ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. స్టాంపు పేపరు మీద సాక్షి సంతకాలు పెట్టినవాళ్లలో ఇద్దరు పోయారు, ఒకాయన "నాకేం గుర్తులేదమ్మా" అన్నాడు. డిక్రీ చేతికొచ్చేసరికి 2001. కాసుల పేరు రాలేదు. అన్నీ ముట్టినవని నా సంతకమే ఉంది కదా.

కొన్ని కులాల్లో ఆచారంగా వస్తున్న విడాకుల్ని హిందూ వివాహ చట్టం కాదనదు, నిజమే. కానీ అలాంటి ఆచారం తరతరాలుగా ఉందని కోర్టులో రుజువు చేసుకోవాలి. మనలో అదేమీ లేదు. నోటరీ చేసేది ఆ సంతకం నీదేనని చెప్పడం వరకే. పెళ్లిని రద్దు చేసే అధికారం అతనికి లేదు. మీ పెదనాన్న మంచిమనిషే, నీ మీద ప్రేమతోనే అన్నాడు. ఆ రోజు వసారాలో కూర్చున్నవాళ్లూ మంచివాళ్లే.

నీ బంగారం సంగతి ఇప్పుడే రాసుకో. పెళ్లిలో ఇచ్చిన కానుకల జాబితా రాసి, వధూవరులు సంతకం పెట్టి ఉంచుకోవాలని 1985లోనే నిబంధనలు వచ్చాయి. మనిళ్లలో ఎవరు రాశారు? పందిట్లో జాబితా అంటే అపశకునం అంటారు. పోనీ, పెళ్లి ఆల్బమ్ ముందేసుకో. మెడలో ఏముంది, చేతులకేమున్నాయి, ఒక్కో ఫోటో చూసి రాయి. నగల షాపు బిల్లులు మీ అమ్మ దగ్గర పాత పసుపు డబ్బాలో ఉండాలి. "నాకేం వద్దు పిన్నీ, బయటపడితే చాలు" అని నువ్వు అనబోతున్నావు. నీ గొంతు నాకు ఇక్కడికి వినిపిస్తోంది. నోర్ముయ్. అది నీ స్త్రీధనం. అతనితో మంచిగా విడిపోవడానికీ, అమ్మమ్మ గాజులు వదిలేసుకోవడానికీ సంబంధం లేదు.

ఏ వస్తువు ఏ రోజు చేతికొస్తుందో ఒప్పందంలో తేదీతో రాయించు. మొదటిసారి కోర్టుకు వెళ్లాక మామూలుగా ఆరు నెలలు ఆగి మళ్లీ వెళ్లాలి. అప్పటికే ఏడాదిన్నర విడిగా ఉండి, లెక్కలన్నీ తేలిపోతే ఆ ఆరు నెలలు మాఫీ చేసే వీలుందని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అది జడ్జిగారి ఇష్టం. ఈలోపు ఎవరైనా "నాకు ఇష్టం లేదు" అని వెనక్కి తగ్గొచ్చు, డిక్రీ వచ్చేదాకా ఆ హక్కు ఇద్దరికీ ఉంటుంది. అందుకని రెండోసారి వెళ్లేలోగా ఇచ్చిపుచ్చుకోవడాలు పూర్తి కావాలి. తీసుకోకుండా తీసుకున్నానని రాయకు. ఎవరి వేళ్లు వణికినా సరే.

ఫ్లాటు లోను ఇద్దరి పేరు మీద ఉందని విన్నాను. అతను కడతానని ఒప్పందంలో రాసిచ్చినా బ్యాంకు వాళ్లకు దాంతో పని లేదు. వాళ్లు నీ పేరు తీసేసేదాకా కిస్తీ ఆగితే నీకూ ఫోన్ వస్తుంది. బ్యాంకు నుంచి కాగితం తెచ్చుకో. ఇన్సూరెన్సు, పీఎఫ్ నామినీలు కూడా చూసుకో. నా అనుభవం చూశావుగా. జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒక కవర్లో పెట్టుకో. భరణం మాట వస్తే ఇద్దరూ తమ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు అవసరం పడకపోవచ్చు, ఉంటే బరువేం కాదు. వాట్సాప్ మెసేజీలు చదువుకుంటూ కూర్చోకు. చెరిపేయకు కూడా. వేరే చోట దాచిపెట్టి ఫోన్ పక్కన పెట్టు.

లాయరు గుమాస్తాకి జిరాక్సులే ఇవ్వు. "ఒరిజినల్స్ ఇవ్వండి మేడమ్, రేపు పంపిస్తాం" అంటాడు. కోర్టు చూపించమన్న రోజు నువ్వే పట్టుకెళ్లి, చూపించి, మళ్లీ నీ సంచిలో వేసుకో. ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే లేచి వచ్చేయ్. లాయరు నచ్చకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు సంపాదనతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 1987 నాటి చట్టమే. నాకు అది కూడా ఆలస్యంగానే తెలిసింది.

డిక్రీ వచ్చిన రోజు ఇద్దరికీ చెరొక కాపీ ఉచితంగా ఇవ్వాలి, చట్టంలోనే ఉంది. అది కాక సర్టిఫైడ్ కాపీలు ఇంకో మూడు నాలుగు తీసుకో. పాస్‌పోర్టుకో, బ్యాంకుకో ఎప్పుడు ఏది అడుగుతారో తెలియదు.

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. కాగితాలన్నీ మంచం మీద పరిచి పెట్టు, ఇద్దరం కలిసి సర్దుదాం. నా స్టాంపు పేపరు కూడా తెస్తాను, మీ పెదనాన్నకి చూపిద్దాం. మీ అమ్మని తిట్టకు. ఆ రోజు వసారాలో తలుపు వెనక నిలబడి తనూ అంతా చూసింది. ఇప్పుడు ఏడుస్తోంది నీ కోసమే కాదేమో.

ఈలోగా ఒక్క పని చెయ్యి. ఆ బ్యాంకు లాకరు ఎవరి పేరు మీద ఉందో, తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని ఈ రాత్రికే నాకు ఫోన్ చెయ్యి.

నీ పిన్ని