ఐసీయూ నుంచి ఇంటికొచ్చాక పిల్లాడు మారిపోయాడని బాధపడుతున్న నా చెల్లెలి కూతురికి

తల్లీ,

నీ మెసేజ్ చూశాను. చిన్నోడు డిశ్చార్జ్ అయి మూడు వారాలు దాటింది, రిపోర్టులన్నీ నార్మల్ అంటున్నారు, మరి వీడెందుకిలా అయిపోయాడు పెద్దమ్మా అని అడిగావు. అర్ధరాత్రి కేకలేసి లేస్తున్నాడు, ఆరేళ్ళొచ్చాక మళ్ళీ పక్క తడుపుతున్నాడు, నువ్వు బాత్రూంలోకెళ్తే బయట తలుపు పట్టుకుని ఏడుస్తున్నాడు, ఉన్నట్టుండి వాళ్ళక్కని కొడుతున్నాడు. ఇన్నేళ్ళు పిల్లల ఐసీయూలో నర్సుగా చేశాను కదా, ఇలాంటి పిల్లల్ని, వాళ్ళ అమ్మానాన్నల్ని చాలామందినే చూశాను, అందుకే తెలిసింది తెలిసినట్టు రాస్తున్నా. కాస్త పెద్దదే అవుతుంది, అల్లుడికి కూడా చదివించు, తను చదవనంటే నువ్వే చదివి వినిపించు.

ముందు భయపడకు, నీ పెంపకంలో లోపమేమీ లేదు. ప్రాణాల మీదకొచ్చిన జబ్బు నుంచి బయటపడ్డ పిల్లల్లో ఇది మామూలే. పెద్దవాళ్ళ విషయంలో దీనికి 2010లో పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్, అంటే ఐసీయూ నుంచి వచ్చాక ఒంటికీ మనసుకీ మిగిలే ఇబ్బందులు, అని పేరు పెట్టారు, పిల్లల గురించి విడిగా 2018లో రాశారు. నీరసం, నిద్ర పట్టకపోవడం, మతిమరుపు, భయాలు, కోపం అన్నీ ఇందులోకే వస్తాయి, ఇంట్లోవాళ్ళ మనసులు కూడా ఆ లెక్కలోవే. అంటే నువ్వూ అల్లుడూ పెద్దదీ కూడా కోలుకోవాల్సినవాళ్ళే. మొదటి నెల చాలామంది పిల్లలు ఇలాగే ఉంటారు, మెల్లగా సర్దుకుంటారు కూడా.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ వాడి ముందు హాస్పిటల్ ఊసెత్తొద్దు, చిన్నపిల్లాడు వాడే మర్చిపోతాడులే అంటున్నారన్నావు చూడు, ఆ మాట మాత్రం వినకు తల్లీ. వాళ్ళు ప్రేమతోనే అంటారు, నేను కాదనను, కానీ మనం ఊసెత్తకపోతే పిల్లాడు మర్చిపోడు, ఇది మాట్లాడకూడని విషయం కాబోలు అనుకుని మనకి చెప్పడం మానేస్తాడు, అంతే. ఆ భయమంతా లోపలే పెట్టుకుని రాత్రిపూట ఒక్కడే మోస్తాడు.

వాడి లోపల ఏముందో నీకు తెలీదు, తెలిసే వీలు కూడా లేదు. వెంటిలేటర్ మీద ఉన్నన్నాళ్ళూ మత్తు మందులు, నొప్పి మందులు ఎక్కుతూనే ఉంటాయి, లైట్లు ఆరవు, మిషన్లు మోగుతూనే ఉంటాయి, పగలో రాత్రో తెలీదు, దానికి తోడు జబ్బు, ఇవన్నీ కలిసి మెదడు గందరగోళపడిపోతుంది, దాన్నే డెలీరియం అంటారు. గోడల మీద పురుగులు పాకుతున్నట్టు, ఎవరో చంపడానికి వస్తున్నట్టు కనిపిస్తుంది, అవి నిజం కాదని వాడికి ఎవరూ చెప్పరు కాబట్టి జరిగినట్టే గుర్తుండిపోతాయి. 2008లో లండన్‌లో ఏడేళ్ళూ ఆ పైబడిన పిల్లల్ని ఐసీయూ నుంచి వెళ్ళిన మూడు నెలలకి అడిగితే దాదాపు మూడోవంతు మంది ఇలాంటి జరగని సంగతులు చెప్పారు, అలా చెప్పిన పిల్లల్లో భయం లక్షణాలు కూడా ఎక్కువున్నాయి.

మా వార్డులో ఒక పాప ఉండేది. బాగయి ఇంటికెళ్ళిపోయి చెకప్‌కి వచ్చినప్పుడు మా వైపు చూసేది కాదు, నోరు గట్టిగా మూసుకుని, పైన చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చునేది. వాళ్ళమ్మ బతిమాలితే చివరికి చెప్పింది, వీళ్ళు నా నోట్లో పాముని పెట్టారు అని. అది వెంటిలేటర్ ట్యూబ్. నేను స్టోర్ లోంచి కొత్త ట్యూబ్ ఒకటి తెచ్చి దాని చేతిలో పెట్టాను, అది తిప్పి తిప్పి చూసింది, చివర ఊది చూసింది, ఇందులోంచి గాలే వస్తుందా అనడిగింది, తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగి, ఇది తీసేసేటప్పుడు నువ్వున్నావా అంది. ఉన్నాను, నీ కాళ్ళ దగ్గరే నిలబడ్డాను అని వాళ్ళమ్మ చెప్పింది. ఆ పిల్లకి కావల్సింది ఆ జవాబే. ఇన్నాళ్ళూ ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు కాబట్టి అడగలేకపోయింది.

అందుకే చిన్నోడికి జరిగింది జరిగినట్టు, వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పు. నీకు ఊపిరాడలేదు, అందుకని మిషన్ నీ బదులు ఊపిరి పీల్చింది, నోట్లో ట్యూబ్ ఉంది కాబట్టి నీకు మాట రాలేదు, చేతికి గుడ్డ చుట్టి మంచానికి కట్టింది నిద్రలో ట్యూబ్ లాగేసుకుంటావని, నువ్వేం తప్పు చెయ్యలేదు. రోజంతా నాన్న ఉన్నారు, రాత్రుళ్ళు నేనున్నాను. ఇంతే చాలు ఒకసారికి. ఫోన్లో ఉన్న ఫోటోలు కొన్ని ప్రింట్ తీయించి ఒక నోట్‌బుక్‌లో అతికించి, ఏ రోజు ఏం జరిగిందో కింద రెండు ముక్కలు రాయి, నర్సు పాట పాడిన రోజు, మొదటిసారి నీళ్ళు తాగిన రోజు, అలాంటివి కూడా. స్కాండినేవియా దేశాల ఐసీయూల్లో నర్సులే ఇలాంటి డైరీ రాసి ఇంటికి పంపడం ఎప్పట్నుంచో ఉంది. మరీ భయంకరమైన ఫోటోలు ఇప్పుడే వద్దు. ఆ నోట్‌బుక్ వాడికి అందే చోట పెట్టు, వాడు తెచ్చిస్తేనే చదువు, మధ్యలో చాలు అంటే మూసెయ్.

అలాగని కూర్చోబెట్టి మొత్తం చెప్పు, ఏమనిపించింది చెప్పు అని గుచ్చి గుచ్చి అడగొద్దు. జరిగినదంతా ఒక్క సిట్టింగ్‌లో కక్కించడం మేలు చెయ్యదని డబ్ల్యూహెచ్ఓ కూడా చెప్పింది. ఆరేళ్ళవాడు మాటల్లో కంటే ఆటల్లోనే ఎక్కువ చెప్తాడు. సూది లేని సిరంజి, కాస్త టేప్, గాజుగుడ్డ ఇచ్చి చూడు, బొమ్మకి పదేపదే పొడుస్తాడు, కదిలితే తిడతాడు కూడా, ఆపకు, పక్కన కూర్చుని బొమ్మకి భయమేస్తోందేమో, ఎవరు పట్టుకుంటే బాగుంటుంది అనడుగు చాలు. రోజులు గడిచేకొద్దీ ఆటలో ఏదో మార్పు రావాలి, బొమ్మ ఇంటికెళ్తుంది, నువ్వు ఆటలోకొస్తావు, అలా. రోజూ ఒకేలా ఆడి ఆడాక ఇంకా భయపడుతుంటే మాత్రం సైకాలజిస్ట్‌కి చూపించాలి.

పెద్దదాని సంగతి నువ్వు ఒక్క లైన్ కూడా రాయలేదు, బుద్ధిగా ఉంటోంది అన్నావంతే, నాకు దాని మీదే దిగులుగా ఉంది. ఇంట్లో ఒకరు చావుబతుకుల్లో ఉంటే మిగతా పిల్లలు ఏమీ అడగకుండా, ఏడవకుండా ఉండిపోతారు, అది బాగుండటం కాదు. వీడు జబ్బు పడకముందు వాళ్ళిద్దరూ కొట్టుకునుంటారు, ఏ నువ్వు పోతే బాగుండు అనో అనుంటుంది, నా వల్లే అయిందని లోపల అనుకుంటూ ఉండొచ్చు, చిన్నపిల్లలు చాలామంది అలాగే అనుకుంటారు. అది అడిగినా అడక్కపోయినా చెప్పు, ఎవరి మాట వల్లా ఎవరి కోపం వల్లా జబ్బు రాదమ్మా అని. రోజూ కాసేపు దానితో ఒక్కదానితోనే గడుపు, ఆ టైంలో తమ్ముడి మాట రావద్దు.

ఇంకోటి, వాడేం చేసినా ఏమీ అనకండి, చచ్చి బతికాడు పాపం అని అల్లుడు అంటున్నాడన్నావు. అలా చెయ్యొద్దు. కోలుకున్న పిల్లాడిని గాజుబొమ్మలా చూస్తే ఏమవుతుందో 1964లోనే గ్రీన్, సాల్నిట్ అనే ఇద్దరు డాక్టర్లు రాశారు, అలాంటి పిల్లలు అమ్మని వదల్లేరు, నిద్రపోరు, మాట వినరు, చదువులో వెనకబడతారు. అక్కని కొడితే ఆపాల్సిందే, ఎప్పటిలాగే. పళ్ళు తోముకోవడం, పడుకునే టైం, బొమ్మలు సర్దడం అన్నీ మునుపటిలాగే ఉంటే ఇల్లు మారలేదు, నేను మళ్ళీ మామూలే అని వాడికి అర్థమవుతుంది. పక్క తడపడం మీద మాత్రం ఒక్క మాట కూడా అనొద్దు, దుప్పటి మార్చెయ్, అంతే. స్కూల్‌కి మొదట సగం పూటే పంపు, టీచర్‌కి ముందే చెప్పు, తొందరగా అలిసిపోతాడు, ధ్యాస నిలవదు, అది బద్ధకం అనుకోవద్దని. పిల్లలు అడిగితే ఏం చెప్పాలో ఒక ముక్క నేర్పించి పంపు.

వచ్చేవారం రక్తపరీక్ష ఉందన్నావు, నొప్పుండదు అని అబద్ధం చెప్పొద్దు, ఒకసారి అబద్ధం అని తెలిస్తే మళ్ళీ నమ్మడు. ముందురోజు చెప్పు, కాసేపు నొప్పుంటుంది, నేను పట్టుకునే ఉంటాను, ఏ చెయ్యి ఇస్తావో నువ్వే చెప్పు అను. హాస్పిటల్లో వాడి చేతిలో ఏదీ లేకుండా పోయింది కదా, ఆ ఒక్క చెయ్యి ఎంచుకోవడం కూడా వాడికి చాలా పెద్ద విషయం.

ఇక నీ గురించి. రాత్రి లేచి వాడి ముక్కు కింద వేలు పెట్టి చూస్తున్నానన్నావు, ఏ మిషన్ బీప్ అన్నా గుండె జారిపోతోందన్నావు, హాస్పిటల్లో ధైర్యంగా ఉండి ఇప్పుడిలా అవ్వడమేంటి అన్నావు. హాస్పిటల్లో నీకు ఏడవడానికి తీరిక లేదమ్మా, ఇప్పుడు దొరికింది. అల్లుడు ఆఫీసు నుంచి లేటుగా వస్తున్నాడంటే పట్టనట్టు కాదు, తనకీ భయమే, వేరే దారి పట్టింది, మొహం మీద నిలదీయకుండా పక్కన కూర్చున్నప్పుడు ఆ మొదటి రాత్రి నీకేమనిపించింది అనడుగు. అమ్మానాన్నలు కుదుటపడితేనే పిల్లలూ కుదుటపడతారు, కాబట్టి కౌన్సెలింగ్ నీకూ కావాల్సి వస్తే మొహమాటపడొద్దు.

నెల దాటాక కూడా పీడకలలు తగ్గకపోయినా, డాక్టర్ని చూస్తే వణికిపోతున్నా, తిండి ఆట మానేసినా, స్కూల్‌కి వెళ్ళలేకపోయినా పిల్లల సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళు, ట్రామా ఫోకస్డ్ సీబీటీ చేస్తారా అని పేరు పెట్టి అడుగు, జరిగినదాని తాలూకు భయాన్ని, ఆలోచనల్ని మెల్లగా మాటలతో సరిచేసే చికిత్స, పిల్లల్లో బాగా పనిచేస్తుందని రుజువైన పద్ధతి అది, అమ్మానాన్నల్ని కూడా అందులో కూర్చోబెడతారు. చచ్చిపోతాను, నన్నెందుకు బతికించారు లాంటి మాట ఎవరి నోట వచ్చినా, నీ నోటైనా సరే, నెల ఆగొద్దు, ఆ రోజే వెళ్ళాలి.

శనివారం నేనొస్తున్నా. ఆ రాత్రి వాడి పక్కన నేను పడుకుంటా, నువ్వు వేరే గదిలో పడుకో. వాడికి శుక్రవారమే చెప్పు, అమ్మమ్మ పక్కన ఉంటుంది, నేను ఈ గదిలో ఉంటాను అని ఆ గది చూపించు, నిద్రపోయాక మెల్లగా జారుకోవద్దు, చెప్పే వెళ్ళు. ఏడిస్తే నేను చూసుకుంటా.

మీ పెద్దమ్మ