ఫ్లష్ ట్యాంకు మార్చే ముందు గార సంగతి చూడండి

మీరు రాసింది ఇదీ: ప్రొద్దుటూరులో ఇల్లు, బోరు నీళ్లు, మిద్దె మీద ట్యాంకు. కమోడ్‌లోకి రాత్రింబవళ్లు సన్నగా నీళ్లు జారుతూనే ఉన్నాయి, తీరా ఫ్లష్ నొక్కితే ఊపు లేదు. ప్లంబరేమో ఫ్లష్ ట్యాంకు మొత్తం కొత్తది వేయమంటున్నాడు. వేయాలా వద్దా?

ఇప్పుడే వేయకండి. ఈ రెండు జబ్బులూ మన దగ్గర చాలాసార్లు గార వల్ల, అంటే నీళ్లు ఆరిన చోట మిగిలే తెల్లటి గట్టి పొర వల్ల వచ్చేవే. కొత్త ట్యాంకు బిగించినా అందులోకి వచ్చేవి ఆ బోరు నీళ్లే కదా, కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది.

మన జిల్లాల్లో చాలా చోట్ల కాళ్ల కింద ఉండేది సున్నపురాయి. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, తాడిపత్రి బండలు, బేతంచెర్ల బండలు అన్నీ దాని పుణ్యమే. ఆ రాళ్ల సందుల్లో ఊరిన నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. ఇలాంటి నీళ్లు ఆరిన చోటల్లా తెల్లటి పొర మిగులుతుంది. బకెట్ అంచున కనిపించేదే ట్యాంకులో రబ్బరు వాషరు కింద కూర్చుంటే నీళ్లు కారతాయి, కమోడ్ అంచు కింది చిల్లుల్లో కూర్చుంటే ఊపు తగ్గుతుంది.

ముందు ట్యాంకు మూత తీసి చూడండి. మధ్యలో నిలబడి ఉన్న గొట్టం ఓవర్‌ఫ్లో పైపు. నీటిమట్టం దాని మూతికి రెండు సెంటీమీటర్లు కిందే ఆగాలి. నీళ్లు పైపులోకే పొర్లుతుంటే తప్పు నీళ్లు లోపలికి వచ్చే వాల్వుది. పొర్లకపోయినా కమోడ్‌లోకి జారుతుంటే బట్టలకు వేసే నీలిమందు పది చుక్కలు ట్యాంకులో వేసి, అరగంట ఎవరూ ఫ్లష్ నొక్కకుండా చూడండి. కమోడ్‌లోకి నీలం దిగితే కింది వాషరు పట్టడం లేదని అర్థం. ఎంత పోతోందో కూడా తెలుసుకోవచ్చు. రాత్రి యాంగిల్ కాక్ (ట్యాంకుకు నీళ్లిచ్చే గోడ కుళాయి) కట్టేసి, నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, పొద్దున చూడండి. ట్యాంకు లోపల 35 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు ఉందనుకుంటే రెండు సెంటీమీటర్లు దిగితే లీటరు పోయినట్టు. కాక్ తెరిచి ఉంటే అది నిండుతూనే ఉంటుంది, పోతూనే ఉంటుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది.

వాషరు పని చాలా తేలిక. యాంగిల్ కాక్ కట్టి, ఒకసారి ఫ్లష్ కొట్టి ట్యాంకు ఖాళీ చేయండి. మధ్యలోని ఫ్లష్ వాల్వును (నొక్కితే నీళ్లు వదిలేది) చాలా మోడళ్లలో ఎడమకు పావు చుట్టు తిప్పితే ఊడి చేతికొస్తుంది. రాకపోతే బలవంతం చేయకండి, పక్కన నొక్కే గొళ్లెం ఉందేమో వెతకండి. అడుగున ఉండే సిలికాన్ వాషరును వేలితో తడిమితే గరుకుగా, ఇసుక అంటినట్టు ఉంటుంది. అదే గార. గోటితోనో బ్లేడుతోనో గీకితే వాషరు చెడుతుంది. లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగించి, వాల్వునూ వాషరునూ గంటసేపు నానబెట్టండి. బుడగలు వస్తాయి, అది సున్నం కరుగుతున్న గుర్తు. బుడగలు ఆగాక పాత టూత్ బ్రష్‌తో రుద్ది కడిగేయండి. ట్యాంకు అడుగున వాషరు కూర్చునే గుండ్రటి అంచును మాత్రం చాలామంది మర్చిపోతారు. అదే నీళ్లలో ముంచిన గుడ్డతో దాన్నీ తుడవాలి, లేకుంటే ఎంత మంచి వాషరు వేసినా పట్టదు. వాషరు గట్టిబడి, అంచు వంకర్లు పోయి ఉంటే మార్చేయండి. దుకాణానికి పాతదాన్ని పట్టుకెళ్లండి. బయటి చుట్టు ఒకేలా ఉండి లోపలి చిల్లు తేడాగా ఉండేవి బోలెడు.

ఓవర్‌ఫ్లో పైపులోకి పొర్లుతుంటే ముందు నీళ్ల మీద తేలే ఫ్లోట్ కిందికి జరపండి. అయినా ఆగకపోతే నీళ్లు లోపలికి వచ్చే ఇన్‌లెట్ వాల్వు పై మూత తిప్పి తీయండి, కింద చిన్న రబ్బరు ఉంటుంది. దాన్ని కడిగి పక్కన పెట్టి, వాల్వు మీద గ్లాసు బోర్లించి పట్టుకుని, యాంగిల్ కాక్ రెండు సెకన్లు తెరిచి మూయండి. బోరులోంచి వచ్చిన సన్న ఇసుక ఆ దెబ్బకు బయటపడుతుంది. గ్లాసు లేకుండా తెరిచారంటే స్నానం అయిపోయినట్టే. ట్యాంకు నిండడమే ఆలస్యమైతే కనెక్షన్ పైపు విప్పి, అది బిగించే చోట లోపల ఉండే సన్న జల్లెడ కడగండి. మిద్దె మీది ట్యాంకు నుంచి ఒక మీటరు ఎత్తుకు 0.1 బార్ ఒత్తిడే వస్తుంది కాబట్టి పై అంతస్తులో మెల్లగా నిండడం జబ్బు కాదు.

ఊపు సంగతికి బకెట్ పరీక్ష చేయండి. ఎనిమిది పది లీటర్లు ఒక్క ఉదుటున కమోడ్‌లో పోయండి. సర్రున పోయిందా, డ్రైనేజీ పైపు బాగుంది, గొడవ ట్యాంకులోనో అంచు కింది చిల్లుల్లోనో ఉంది. నీళ్లు పైకెక్కి మెల్లగా దిగితే పైపో సెప్టిక్ ట్యాంకో నిండింది, దానికి ఈ వైద్యం పనికిరాదు.

చిల్లుల కోసం చిన్న అద్దం అంచు కింద పెట్టి చూడండి, సగం చిల్లులు తెల్లగా మూసుకుని ఉంటాయి. కాక్ కట్టి, ఫ్లష్ కొట్టి, పాత గుడ్డ పేలికల్ని నిమ్మ ఉప్పు నీళ్లలో ముంచి అంచు కింద చుట్టూ కూరి రాత్రంతా వదిలేయండి. ఇక్కడ మాత్రం లీటరుకు 100 గ్రాములు వేయొచ్చు. పొద్దున కొబ్బరి చీపురు పుల్లతో ఒక్కో చిల్లు పొడవండి. ఇనుప తీగ వద్దు, పింగాణీ మీద గీతలు పడితే గార ఇంకా త్వరగా అంటుకుంటుంది.

సీసాల్లో అమ్మే బాత్‌రూమ్ యాసిడ్ ట్యాంకులో పోయకండి. స్క్రూలను, రబ్బర్లను తినేస్తుంది. దాన్ని బ్లీచింగ్ పౌడర్‌తో అసలు కలపకూడదు, క్లోరిన్ వాయువు పుట్టి ప్రాణం మీదికొస్తుంది.

ట్యాంకు పగిలినా, వాషరు కూర్చునే అంచు గుంటలు పడినా ప్లంబరు మాట వినండి. తిరిగి బిగించేటప్పుడు కనెక్షన్ పైపు ప్లాస్టిక్ నట్టుకు టెఫ్లాన్ టేపు లావుగా చుట్టకండి. నీళ్లను ఆపేది లోపలి రబ్బరు వాషరే. చేత్తో బిగించి, ఆ తర్వాత పావు చుట్టు చాలు. ఇంకా బిగిస్తే నట్టు కంటికి కనపడనంత సన్నగా చిట్లి, నాలుగు రోజులకు కారడం మొదలవుతుంది.