అమ్మలూ, ముందు ఫోన్ పక్కన పెట్టు

విజయనగరం

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

రాత్రి ఫోన్లో నీ మాటల్లో కోపం కంటే ఏడుపే ఎక్కువ వినిపించింది. ఆమదాలవలస స్టేషన్ స్టాండులో స్కూటీ ఇరుక్కుపోయింది. చక్రం బ్రేక్ డిస్క్‌కి వేసిన, బండి కదిపితే కూసే అలారం లాక్ తెరుచుకోదు. కస్టమర్ కేర్ వాళ్లేమో ఒకసారి సెల్ అయిపోయిందంటారు, ఇంకోసారి వానలో తడిపారంటారు, ఆఖరికి వారంటీ వర్తించదంటారు. మనిషికో మాట.

ఆ సెల్ సంగతి ముందు తేల్చుకుందాం. సెల్‌తో నడిచేది అలారం. నీ లాక్ తెరిచేది తాళంచెవి. సెల్ అయిపోతే కూత ఆగాలి గానీ తాళంచెవి ఎందుకు తిరగదు? ఇక తడి అంటావా, మన వైపు సముద్రపు గాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది, నిజమే. అయినా ఆరుబయట బండికి వేసే లాక్ వానకి ఆగకపోతే ఆ తప్పు కొన్నవాళ్లదా? ఈ రెండు ప్రశ్నలూ వాళ్లని అడుగు. నోటితో కాదు, మెయిల్లో.

నా ఉద్యోగమంతా ఆఫీసుకి వచ్చే కాగితాలకి నంబర్లు వేసే ఇన్‌వర్డ్ సెక్షన్లోనే గడిచిందని నీకు తెలుసు కదా. నంబరు పడని కాగితం మాకు రానట్టే లెక్క. కంపెనీలూ అంతే. ఫోన్లో నువ్వు ఎంత అరిచినా వాళ్ల దగ్గర మిగిలేది 'కస్టమర్ కాల్ చేశారు' అన్న ముక్కే. ఆ ఫోన్ ఎత్తే పిల్ల నీ ఈడుదే అయ్యుంటుంది, పాపం ఆమె చేతిలో ఏమీ ఉండదు. ఆమెని తిట్టకు. కంప్లైంట్ నంబరు అడిగి రాసుకుని పెట్టేయ్.

మెయిల్లో కథ వద్దు. కొన్న తేదీ, బిల్లు నంబరు, లాక్ ఎప్పుడు బిగుసుకుంది, ఎవరు ఏ రోజు ఏమన్నారు, నీకేం కావాలి. మార్చి ఇస్తారా, డబ్బు వెనక్కి ఇస్తారా అన్నది తేల్చి అడుగు. నువ్వు ఆన్‌లైన్లో కొన్నావు కాబట్టి, అమ్మిన సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు వెతికి అతనికి కూడా పంపు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

అలాగని నెలరోజులు బండి స్టాండులో ఉంచలేవు కదా. లాక్‌ని కోయించాల్సిందే. కానీ ఆ సంగతి కంపెనీకి ముందే రాయి: ఫలానా రోజు కోయిస్తున్నాను, మీ మనిషి వస్తే రావచ్చు అని. తాళంచెవి తిరగకపోవడం వీడియో తియ్యి. బలవంతంగా తిప్పకు, విరిగిందంటే ఆ నేరం కూడా నీ మీదే వేస్తారు. ఆర్‌సీ దగ్గర పెట్టుకో, స్టాండు అతనికి ముందే చూపించు. పట్టపగలు గ్రైండర్‌తో బండి లాక్ కోస్తుంటే జనం మూగరా మరి! డిస్క్ మీదా టైరు మీదా తడిగుడ్డ కప్పమను, నిప్పురవ్వలు పడతాయి. బ్లేడు డిస్క్‌కి తగిలిందేమో చూసుకుని, బ్రేక్ పట్టి చూశాకే బండి నడుపు. కోసిన ముక్కలు పారేయకు. మెకానిక్ దగ్గర చీటీ అయినా రాయించుకో, ఆ డబ్బు కూడా కంపెనీని అడగొచ్చు.

అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే 1915కి ఫోన్ చెయ్యి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, నీ ఫిర్యాదు కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. చాలా కంపెనీలు అక్కడికే దిగివస్తాయి.

దిగకపోతే శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఢిల్లీలో ఉంటే నాకేం దారి అన్నావు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక నువ్వు ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. ఐదు లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల గడువుంది. లాక్ ధర ఎంత, ఈ తిరుగుడెంత అని మీ నాన్న అంటాడు. అననీ. వాడు కరెంటు బిల్లులో తప్పు పడినా నోరెత్తడు.

కొత్త లాక్ వచ్చాక అందులో కొబ్బరినూనె పొయ్యకు, దుమ్ము పట్టి ముద్దవుతుంది. గ్రాఫైట్ పొడి వాడు. రెండో తాళంచెవి ఇంట్లో ఉంచు, హ్యాండ్‌బ్యాగ్‌లో రెండూ కలిపి వేసుకుని తిరగకు.

మెయిల్ రాసి పంపే ముందు నాకు వాట్సాప్ చెయ్యి, చూసి పెడతాను. బిల్లు కనబడకపోతే కంగారుపడకు, సైటులో నీ ఆర్డర్ల దగ్గర మళ్లీ దొరుకుతుంది.

మీ మావయ్య