తొలి వేటకు బుల్లెట్ ఎంచుకునే ముందు

చిట్టి తల్లీ,

నీకు వేట లైసెన్స్ వచ్చిందనీ, ఈ సీజన్‌లోనే మొదటి జింకకు వెళ్తున్నావనీ అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత రైఫిల్ పట్టేవాళ్లు ఉండరనుకున్నాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. తర్వాత నువ్వు పంపిన టార్గెట్ ఫోటో చూశాను. 100 గజాల్లో మూడు రంధ్రాలూ ఒకదాన్నొకటి తాకుతున్నాయి, శభాష్! కానీ పక్కనున్న పెట్టె మీద ‘మ్యాచ్’ అని కనిపించేసరికి గుండె గుభేలుమంది. అవి పోటీల్లో కాగితం మీద కాల్చే బుల్లెట్లు తల్లీ. వాటిని అడవికి తీసుకెళ్లకు.

మొన దగ్గర చిన్న చిల్లు ఉంది కదా, జంతువు లోపలికి వెళ్లాక మొన పువ్వులా విచ్చుకుంటుందిలే అనుకుని ఉంటావు. ఆ చిల్లు అందుకోసం పెట్టింది కాదు. అలాంటి బుల్లెట్లకు లోపలి సీసం మీద ఉండే రాగి తొడుగును మొన వైపు మూస్తారు, అక్కడ కాస్త ఖాళీ మిగిలిపోతుంది. దానివల్ల అడుగు భాగం అన్నిటికీ ఒకేలా వస్తుంది, గురి అంత బాగా కుదిరేదీ అందుకే. జంతువుకు తగిలాక మాత్రం దాన్ని నమ్మలేం. ఒకసారి ముక్కలైపోతుంది, ఇంకోసారి విచ్చుకోకుండా సన్నటి రంధ్రం చేసి అటు వెళ్లిపోతుంది. మొన కూడా తొడుగుతో మూసేసిన ఫుల్ మెటల్ జాకెట్ బుల్లెట్ అయితే అసలు విచ్చుకోదు, చాలాచోట్ల జింకల మీద దాన్ని చట్టమే ఒప్పుకోదు.

కాలిబర్ గురించి, అంటే బుల్లెట్ లావు గురించి టెన్షన్ వద్దు. నీ .308 జింకకు చాలు, బుల్లెట్ బరువు 150 నుంచి 165 గ్రెయిన్లు (బుల్లెట్లను తూచే కొలత) ఉంటే సరిపోతుంది. సేఫ్టీ, ట్రిగ్గర్ మీద వేలు, జంతువు వెనక ఏముందో చూసుకోవడం ఇవన్నీ కోర్సులో నేర్పారు, తు.చ. తప్పకుండా పాటించు.

నాకెందుకింత భయమో చెబుతాను. పాత రోజుల్లో నాతో వేటకు వచ్చే స్నేహితుడు ఒకడు ఉండేవాడు. నాకంటే మంచి గురి వాడిది. ఒక ఏడాది కొత్తగా మ్యాగ్నమ్ రైఫిల్, అంటే బుల్లెట్‌ను మరింత వేగంగా పంపేది కొన్నాడు. దూరం నుంచి కాల్చాలి, బుల్లెట్ కిందికి దిగకూడదు అని దొరికినవాటిలో తేలికైనది, వేగమైనది, తొడుగు పలచగా ఉన్నది ఏరుకున్నాడు. 300 గజాల లెక్కలన్నీ చీటీ మీద రాసి రైఫిల్ స్టాక్‌కు అంటించుకున్నాడు. తీరా మగ జింక పొదల్లోంచి 40 గజాల్లో బయటికొచ్చింది. కొంచెం మా వైపు తిరిగి, భుజం ముందుకు పెట్టి నిలబడింది.

కాల్చాడు. జింక ముందుకాళ్ల మీద కూలబడి, లేచి, మూడు కాళ్లతో పరుగెత్తింది. అది నిలబడ్డ చోట కుచ్చు వెంట్రుకలు, చిన్న చిన్న ఎముక ముక్కలు ఉన్నాయి. ఎండుటాకుల మీద రక్తపు చుక్కలు కొంతదూరం కనిపించి ఆగిపోయాయి. అటువైపు రంధ్రమే పడలేదు, ఇక రక్తం కారేదెక్కడ? చీకటి పడేదాకా మోకాళ్ల మీద పాకుతూ ఆకులు తిరగేశాం. తెల్లారాక దొరికింది. ఇంకా బతికే ఉంది. రాత్రంతా అది పడ్డ బాధ తల్చుకుంటే ఇప్పటికీ నా వల్ల కాదు.

చర్మం తీసి చూస్తే భుజం మీద నా పిడికిలి పట్టేంత గాయం ఉంది. లోతు మాత్రం ఆ ఎముకతోనే సరి. పక్కటెముకలు దాటలేదు, ఊపిరితిత్తులకు గీత కూడా పడలేదు. అరటిపండు తొక్కలా ఒలుచుకుపోయిన రాగి తొడుగు కండలో దొరికింది. లోపల సీసం లేదు, అంతా మాంసంలో నలుసులై చెదిరిపోయింది. ‘నా గురి తప్పింది, నా గురి తప్పింది’ అంటూ వాడు తల పట్టుకున్నాడు. గురి తప్పలేదమ్మా, ఎక్కడ పెట్టాడో అక్కడే తగిలింది. అదే బుల్లెట్ దూరం వెళ్లి, వేగం తగ్గాక, పక్కటెముకల మధ్య తగిలి ఉంటే పనిచేసేదేమో. అంత దగ్గర్లో, అంత వేగంతో భుజం ఎముకకు తగిలితే పలచటి తొడుగు ఎలా తట్టుకుంటుంది? తప్పు పెట్టె కొన్నరోజే జరిగిపోయింది.

అందుకే దూరపు షాట్‌ను చూసుకుని బుల్లెట్ కొనకు. దగ్గర్లో, వంకరగా, ఎముక అడ్డొచ్చే షాట్‌ను చూసుకుని కొను. విచ్చుకోవాలి, అయినా అటువైపు బయటికి రావాలి. రెండు రంధ్రాలుంటే రక్తపు జాడ దొరుకుతుంది, జాడ దొరికితే జంతువు దొరుకుతుంది.

ఈ బాధ పాతదే. 1946లో జాన్ నోస్లర్ అనే వేటగాడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ (జింక జాతిలో చాలా పెద్ద జంతువు) వేటకు వెళ్లినప్పుడు ఆయన బుల్లెట్లు లోతుకు దిగలేదు. ఆయన ఊరుకోలేదు, లోపల అడ్డంగా రాగి గోడ ఉన్న బుల్లెట్ తయారుచేశారు. ముందు సగం విచ్చుకుంటుంది, గోడ వెనకున్న సగం నిలబడి ముందుకు దూసుకెళ్తుంది. పార్టిషన్ పేరుతో 1948 నుంచి అమ్ముతున్నారు. సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ రకం కూడా మంచిదే. మొత్తం రాగితో చేసినవి బరువు దాదాపు పోగొట్టుకోవు. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకు బుల్లెట్ పొడవు పెరుగుతుంది, నువ్వు 150 గ్రెయిన్లు దాటకు. ఇవి విచ్చుకోవాలంటే వేగం కావాలి. ఎంత వేగం తగ్గేదాకా పనిచేస్తుందో తయారీదారు చెబుతాడు, చాలావాటికి సెకనుకు 1,800 నుంచి 2,000 అడుగులు. నీ .308లో 150 గ్రెయిన్ల బుల్లెట్ సుమారు 2,800తో బయల్దేరి 300 గజాల్లో 2,200 దగ్గరికి వస్తుంది. లెక్కకు సరిపోతుంది. కానీ ఈ ఏడాది నువ్వు 150 గజాలు దాటి కాల్చడానికి వీల్లేదు. నా మాట విను.

నాకైతే నీ చేతిలో రాగిదే ఉండాలని ఉంది. సీసం నలుసులు గాయానికి చాలా దూరం దాకా మాంసంలోకి పోతాయి, ఎక్స్-రేలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. ఆ మాంసం ఇంట్లో పిల్లలు తింటారు. అడవిలో వదిలేసిన పేగులు గద్దలు, రాబందులు తింటాయి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం బుల్లెట్లే వాడకూడదన్నారు. సీసందే వాడితే గాయం చుట్టూ మాంసం ధారాళంగా కోసి పారెయ్, లోభించకు.

గ్రూప్, అంటే టార్గెట్ మీద రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయనే సంగతికొస్తే, జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల వెడల్పు. 100 గజాల్లో ఒకటిన్నర అంగుళాల గ్రూప్ వస్తే చాలు, అర అంగుళం కోసం మంచి బుల్లెట్ వదులుకోకు. చల్లటి బ్యారెల్‌తో వేసే మొదటి షాట్ ఎక్కడ పడుతుందో వేరుగా రాసుకో, అడవిలో నీకు దొరికేది అదొక్కటే. షూటింగ్ రేంజ్‌వాళ్లు ఒప్పుకుంటే నీళ్లు నింపిన క్యాన్లు వరసగా పెట్టి కాల్చు. దొరికిన బుల్లెట్‌ను తూకం వెయ్. 150 గ్రెయిన్లలో 130 మిగిలి, తల ఒకటిన్నర రెట్లు వెడల్పైతే భేష్. నీళ్లలోనే ముక్కలైందంటే ఎముక దగ్గర ఇంకేం నిలుస్తుంది, ఆ పెట్టె పక్కన పెట్టెయ్.

కాల్చాక ఆత్రపడి పరుగెత్తకు. గుండెకు తగిలిన జింక కూడా వంద గజాలు పోగలదు, అక్కడికక్కడే పడలేదని బుల్లెట్‌ను తిట్టకు. అది నిలబడ్డ చోటు గుర్తుపెట్టుకుని అరగంట ఆగు. దూరం, కోణం, లోపలికెళ్లిన రంధ్రం, బయటికొచ్చిన రంధ్రం, మధ్యలో ఏం తెగింది అన్నీ నోట్‌బుక్‌లో రాయి. ఒక్క జింకను చూసి ఏ బుల్లెట్‌కీ మార్కులు వెయ్యకు, రాస్తూ పో.

ఆ మ్యాచ్ పెట్టె ప్రాక్టీస్‌కు వాడుకో. రాగిదొకటి, బాండెడ్‌దొకటి చిన్న పెట్టెలు కొను. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేముందు బ్యారెల్ శుభ్రంగా తుడువు, స్కోప్ మళ్లీ సరిచూసుకో. రెండు టార్గెట్లూ నాకు పంపు, చూశాక ఏది తీసుకెళ్లాలో ఫోన్‌లో మాట్లాడుకుందాం.

మీ బాబాయ్